అందరూ చూసిన తప్పు

డిస్కు కింద పడటం అందరూ చూశారు. అదే మరదలి ఖర్మ. ఎవరూ లేనప్పుడు ఏ మూలో పడి ఉంటే, ఎలా పోయిందో ఏమో అనుకుని ఊరుకునేవాళ్ళు. అలా జరగలేదు. మిట్టమధ్యాహ్నం, మిషన్లన్నీ ఆపి అందరూ టీ తాగుతున్న వేళ, దారం కోన్ల బుట్ట చంకన పెట్టుకుని ఆమె డిజైను బల్ల పక్కనుంచి నడిచింది. బుట్ట అంచు కేబులుకి తగిలింది. కేబులు చివరనున్న డిస్కు, అదే డిజైన్లన్నీ దాచే నల్లపెట్టె, బల్ల మీంచి జారి, నేల మీద ఒకసారి ఎగిరి, బోర్లా పడింది.

"అయిపోయింది," అన్నాడు చిన్నోడు, గ్లాసు నోటి దగ్గర పెట్టుకునే.

చిన్నోడంటే ఆమె మొగుడే. కణతల దగ్గర జుట్టు నెరుస్తున్నా ఆ ఎంబ్రాయిడరీ షాపులో అందరికీ అతను చిన్నోడే. ఎందుకంటే షాపు అతని అక్కది. మరదలికి ఆవిడ వదిన. ఒక్క పాత మిషనుతో మొదలుపెట్టి గది నిండా మిషన్లు పెట్టిన మనిషి. ఊళ్ళో ఏ బడిపిల్లాడి జేబు చూసినా, ఏ ఆసుపత్రి నర్సు కోటు చూసినా, దాని మీద బ్యాడ్జీ వదిన వేసిందే. బొమ్మ గీసేస్తే సరిపోదు ఆ పనిలో. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఏ రంగు ముందు, ఏ రంగు వెనక అన్నది కుట్టు కుట్టుకీ చెప్పాలి. ఫుట్‌బాల్ క్లబ్బు సింహానికి జూలు ఎటునుంచి మొదలెట్టాలో తప్పారంటే అది పిల్లి అయి కూచుంటుంది. అలాంటివి ఏళ్ళ తరబడి వేసినవన్నీ ఆ నల్లపెట్టెలోనే ఉన్నాయి.

ఇంకో కాపీ లేదు. ఒకప్పుడు పనిచేసిన మనిషి డిజైన్లు పట్టుకుపోయి వేరే షాపుకి ఇచ్చాడు. అప్పటినుంచీ వదిన ఇంకెక్కడా కాపీ ఉంచనివ్వలేదు. సాయంత్రం డిస్కుని చేతిసంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది, పొద్దున తెచ్చేది. కన్నపిల్లలకి కూడా మా అక్క ఇంత కాపలా కాయలేదని చిన్నోడు వేళాకోళం చేసేవాడు.

వదిన వంగి పెట్టె తీసింది. అరచేత్తో తుడిచింది. కేబులు దూరే చోట లోహం వంకరపోయింది. ఎలా నొక్కి పెట్టినా దీపం వెలగలేదు.

"చూసుకుని నడవాలి కదా," అంది.

నాలుగు తిట్టి ఉంటే మరదలు ఏడ్చి తేలికపడేది. వదిన తిట్టలేదు.

"ఇలా తే అక్కా, నేను చూస్తా," అని చిన్నోడు పెట్టెని వెనకగదిలోకి తీసుకుపోయాడు. స్క్రూలు విప్పి, లోపలి డిస్కుని బయటకి లాగి, అక్కడున్న కంప్యూటరుకి నేరుగా తగిలించాడు. వదిన కాసేపాగి అటు వెళ్ళింది. వెళ్ళినట్టే తిరిగొచ్చి, చల్లారిన టీ పారబోసింది. చిన్నోడు బయటికొచ్చేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లాభం లేదు. ఖాళీగా చూపిస్తోంది. పడ్డప్పుడే లోపల పోయుంటుంది."

అందరూ మరదలి వైపు చూశారు. ఆమె చంకలో బుట్ట ఇంకా అలాగే ఉంది.

*

ఆ వారమే ఆమె డిజైను కుర్చీలో కూచోవాల్సింది. వదినకి కళ్ళు లాగుతున్నాయి. ఒక కన్నయితే సాయంత్రమయ్యేసరికి నీళ్ళు కారుతుంది. "మగాళ్ళకి ఓపిక లేదు. నువ్వు నా పక్కన కూచుని నేర్చుకో," అని తనంతట తనే అంది. మరదలు పైకి సరే అని ఊరుకుంది గానీ, ఇంటికెళ్ళి పిల్లల పాత బొమ్మల పుస్తకాలన్నీ తీసి, పువ్వు రేకు ఎటునుంచి మొదలెడితే బాగుంటుందో పెన్సిలుతో గీతలు గీసుకుంది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక తనదంటూ వచ్చిన మొదటి పని అది. ఎవరి భార్యగానో కాదు, తన చేతికి తనుగా రాబోయిన పని.

డిస్కు పడ్డ మర్నాడు ఆమె కుర్చీ వైపు వెళ్ళబోతే వదిన ఆపింది.

"ఆ సంగతి ఇప్పుడెందుకులే. కుట్టినవి గుట్టపడ్డాయి. దారాలు కత్తిరించు."

మరదలు కత్తెర తీసుకుంది. బ్యాడ్జీ వెనక వేలాడే దారప్పోగులు కత్తిరించడం షాపులో చేరిన మొదటిరోజు పని. ఎవరొచ్చినా ముందు అదే చేస్తారు. ఆమె ఆ మెట్టు దాటి చాలాకాలమైంది.

బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. వదిన వెలిసిపోయిన చొక్కా ఒకటి ముందు పెట్టుకుని, దాని మీది బ్యాడ్జీని భూతద్దంలో చూస్తూ కుట్టు కుట్టుకీ మళ్ళీ వేస్తోంది. కన్ను తుడుచుకోవడం, మళ్ళీ వంగడం. కత్తెర ఆపి మరదలు అటే చూసేది. తన ఒక్క అడుగు వల్ల ఎంత పని అనుకునేది.

ఎవరొచ్చినా వదిన నోట ఒకే మాట. బడి గుమాస్తా వచ్చాడు. "మా మరదలు డిస్కు కింద పడేసిందండీ, కాస్త ఆలస్యమవుతుంది." ఆసుపత్రి స్టోరు మనిషి వచ్చాడు. "మా మరదలు కింద పడేసిందండీ." ఆఖరికి దారాలమ్మే అతను కూడా గుమ్మంలోంచే, "ఈవిడేనా అండీ?" అని అడిగాడు. వదిన కోపంగా చెప్పేది కాదు. వాన పడిందండీ అన్నట్టు చెప్పేది. అందుకే ఎదురుచెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంటిదగ్గర చిన్నోడు తల వంచుకుని తినేవాడు.

"మా అక్క కోపం తాటాకు మంట. రెండ్రోజులాగితే చల్లారుతుంది."

"కోపమైతే చల్లారుద్ది. ఆవిడకి కోపం లేదండీ. నమ్మకం పోయింది."

"అబ్బ, నువ్వన్నీ పెద్దవి చేస్తావ్."

రెండ్రోజులు ఆగింది. ఏమీ చల్లారలేదు. అప్పుడు ఆమె నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"వదినా, ఆ డిస్కు నాకివ్వండి. పాడైనవాటిలోంచి తీసిపెట్టేవాళ్ళున్నారట, చూపించుకొస్తా."

"చిన్నోడు చూశాడుగా."

"ఇంకొకళ్ళు చూస్తే తప్పేముంది?"

వదిన ముందున్న చొక్కా మడిచి పక్కన పెట్టింది. తర్వాత సొరుగు లాగి డిస్కు తీసిచ్చింది, తలెత్తకుండా. మిషన్ల దగ్గర్నుంచి చిన్నోడు, "వాళ్ళ చేతికిస్తే ఉన్నది కూడా ఊడ్చేస్తారు," అన్నాడు. ఊడ్చడానికి ఏముందని, ఖాళీ అన్నారుగా అని మరదలు మనసులో అనుకుంది. పైకి మాత్రం వెళ్ళొస్తానంది.

*

రిపేరు షాపుల వీధిలో మేడ మీద గది. అతన్ని ఆ వీధిలో డిస్కుల డాక్టరంటారు. లావుపాటి మనిషి, మాటకారి. డిస్కుకి తీగలు తగిలించి, అది తిరగడం మొదలెట్టగానే దాని మీదికి వంగి చెవి పెట్టాడు.

"కింద పడిందన్నారు?"

"అవునండీ. నేనే పడేశాను."

"పడి దెబ్బతిన్న డిస్కు టకటకా కొట్టుకుంటుందమ్మా, లేదంటే మూలుగుతుంది. ఇది చూడండి, ఎంత హాయిగా తిరుగుతోందో. నాకే ఇంత ఆరోగ్యం లేదు." అని నవ్వాడు. "ఇవాళ దీన్ని ముట్టుకోను. ముందు ఉన్నదున్నట్టు నకలు తీస్తా. ఏం చేసినా నకలు మీదే. రేపు రండి."

మర్నాడు వెళ్ళేసరికి అతని మొహంలో ఆ హుషారు లేదు. ఆమెకి స్టూలు జరిపి, తెర ఆమెవైపు తిప్పాడు.

"దీని మొదట్లో ఒక పట్టిక ఉంటుందమ్మా. పార్టిషన్ టేబుల్ అంటాం. ఇక్కడినుంచి ఇక్కడిదాకా సామానుంది అని చెప్పేది. ఇందులో ఆ పాత పట్టిక మీద కొత్త పట్టిక రాసేశారు. మొత్తం ఖాళీ అని రాశారు. సామాను లోపలే ఉంది, ఎక్కడుందో చెప్పే కాగితం పోయింది. అంతే."

"పడినందుకు అలా రాసుకుందాండీ?"

"భలేవారే. పడితే పగులుతుంది గానీ రాసుకుంటుందా? కంప్యూటరు అడుగుతుంది. ఇది కొత్త డిస్కులా ఉంది, పట్టిక రాయమంటావా అని. మనిషి అవునంటేనే రాస్తుంది. ఎవరో అవునన్నారు."

మరదలికి చప్పున అర్థమైంది. అతను ఇంకా చెబుతున్నాడు, ఆమెకి వినపడటం లేదు. వాళ్ళ కుట్టు మిషన్లు ఆగినప్పుడల్లా తెర మీద ఏదో అడుగుతాయి, షాపులో ఎవరికీ సరిగా రాని భాషలో. ఆలోచిస్తూ నిలబడితే సూది గుడ్డలోనే దిగబడిపోయి దారం ఉండచుట్టుకుంటుంది. అందుకే కొత్తగా చేరినవాళ్ళకి వదిన చెప్పే మొదటి పాఠం, "చదువుతూ కూచోకండి, పచ్చది నొక్కండి." పొద్దున్నుంచి సాయంత్రందాకా అందరూ నొక్కేది అవునని చెప్పే ఆ పచ్చ మీటే. చిన్నోడైతే మిషను అడగడం పూర్తికాకముందే నొక్కుతాడు. చూడకుండా నొక్కడం అతని గొప్ప.

ముందు గుండె మీంచి బండ దిగినట్టయింది. తనవల్ల కాదు. ఆ వెంటనే ఒళ్ళు మండింది. వెనకగదిలోంచి అతను బయటికొచ్చినప్పటి మొహం, తల వంచుకుని తిన్న తిండి, రెండ్రోజులాగమన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"తీయగలరా?" అని అడిగింది.

"అదే చెప్తున్నా. ఇలాగే తీస్తే పేర్లు లేకుండా వస్తాయి. ఏది ఏ బడిదో తెలీదు, సగం తెరుచుకోవు. ఇది మొదట ఏదన్నా పెట్టెలో ఉండేదా?"

"నల్లపెట్టెలో."

"అదీ సంగతి. కొన్ని పెట్టెలు వాటి లెక్క అవి వేసుకుంటాయి. లోపల చిన్న బోర్డుంటుంది. ఒకరు గజాలతో కొలిచి రాసింది ఇంకొకరు మూరలతో చదివితే ఎలా ఉంటుంది? పెట్టెలోంచి తీసి నేరుగా పెట్టారు కాబట్టే కంప్యూటరుకి అది కొత్తదానిలా కనపడింది. ఆ పెట్టె తెచ్చిస్తే దాని కొలతతోనే వెతుకుతా. విరిగినా పర్లేదు, సాకెట్టు నేను అతికిస్తా."

*

పెట్టెని చిన్నోడు పారేశాడు. షాపు వెనక, కత్తిరించిన గుడ్డముక్కలు కుక్కే గోనెసంచులు గోడవారగా ఉంటాయి. మరదలు ఒక సంచీ బోర్లించి చేతులు పెట్టి కెలుకుతుంటే అతను వెనక గుమ్మంలోకొచ్చాడు.

"ఏంటది?"

"మీరు పారేసిన పెట్టె. అదుంటే డిజైన్లు పేర్లతో సహా వస్తాయన్నాడు."

ఆమె దారాల ఉండలు పక్కకి తీస్తూనే, "కింద పడ్డందుకు ఆ డిస్కుకి ఏమీ కాలేదటండీ," అంది.

చిన్నోడు మెట్టు మీద కూచున్నాడు. లోపల మిషన్ల మోత.

"ఏదో అడిగింది. నొక్కేశాను," అన్నాడు. "నొక్కాక చదివాను."

"అప్పుడే చెప్పచ్చుగా."

"చెబ్దామనే బయటికొచ్చా. వచ్చేసరికి అందరూ నువ్వే అనుకుంటున్నారు. ఎలాగూ ఒకరి మీద పడిందిగా, ఇంకొకరెందుకు అనిపించింది."

"ఆ ఒక్కరూ నేనెందుకండీ?"

అతను వేలితో మెట్టు మీది సిమెంటు గీకాడు.

"నీకు తెలీదు. నేను ఏది పాడుచేసినా మా అక్క చిన్నప్పుడు పగలగొట్టిన పలక దగ్గర్నుంచి ఎత్తుతుంది. నువ్వంటే... నువ్వు ఇదివరకేదీ పాడుచెయ్యలేదు కదా, ఇది ఒక్కటేగా, మర్చిపోతారు."

"మీరు మర్చిపోయారా?"

అతను లేచొచ్చాడు. రెండో సంచీ తనే బోర్లించి మోకాళ్ళ మీద కూచున్నాడు. చొక్కా నిండా రంగురంగుల దారప్పోగులు అంటుకుంటుంటే దులుపుకోకుండా వెతికాడు. పెట్టె దొరికింది అతనికే. దానిమీది దుమ్ము ఊది, ఆమె చేతిలో పెట్టి, "డిస్కు బాగైపోతే ఇంక ఎవరూ అడగరు. అక్కకి చెప్పకు," అన్నాడు. జాలేసింది ఆమెకి. ఇంత పెద్ద మనిషి, అక్కంటే ఇంత భయం. జాలి వేరు, చెప్పకుండా ఉండటం వేరు. ఆమె మాట ఇవ్వలేదు.

*

డిస్కుల డాక్టరు పని పూర్తిచేసి, కొత్త డిస్కులో అన్నీ నింపిచ్చిన రోజు వదిన భూతద్దం పక్కన పెట్టి కూచునే ఉంది. మరదలు కేబులు తనే తగిలించింది. తెర మీద పేర్లు బిలబిలా దిగాయి. బళ్ళు, ఆసుపత్రులు, హోటళ్ళు, క్లబ్బులు. వదిన ఒక్కో పేరు మీద వేలు ఆనించుకుంటూ కిందికి పోయింది. సింహాన్ని తెరిచి చూసింది. జూలు ఎక్కడిదక్కడే ఉంది. వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది, ఈసారి నీళ్ళు రెండు కళ్ళలోనూ ఉన్నాయి.

ఆపరేటర్లలో పెద్దామె, మిషనమ్మని పిలుస్తారు, తలుపు దగ్గర నిలబడి "అమ్మయ్య, గండం గడిచింది," అని లోపలికి పోయింది. చిన్నోడు ఒక అడుగు వెనకే నిలబడి ఊపిరి వదిలాడు.

"మొత్తానికి తెచ్చావ్," అంది వదిన. గొంతులో నిజమైన ప్రేమ ఉంది. "సర్లే. అయిందేదో అయింది. నేనేమీ మనసులో పెట్టుకోలేదు. ఇకనుంచి కాస్త చూసుకుని నడువు."

చేయని తప్పుకి క్షమాపణ దొరకడం ఎంత మంటో మరదలికి ఆ క్షణంలో తెలిసింది. అన్నిరోజుల మాటలకన్నా ఆ ప్రేమే ఎక్కువ గుచ్చింది.

"చూసుకోకుండా నడిచాను వదినా, నిజమే. పెట్టె విరిగింది నావల్లే. డిస్కు మాత్రం నావల్ల పోలేదు. పడ్డా అది బాగానే ఉందట. తర్వాత ఎవరో దానిమీద కొత్త పట్టిక రాశారట. అందుకే ఖాళీగా కనపడింది."

ఎవరన్నది చెప్పలేదు. మొగుడి వైపు చూడను కూడా లేదు. వదిన ఎవరని అడుగుతుంది, అప్పుడు అతనే నోరు తెరవాలి, అంతవరకే ఆమె అనుకుని వచ్చింది.

వదిన అడగలేదు. సింహాన్ని మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

మరదలు బల్ల దగ్గరికి జరిగింది.

"ఎవరని అడగరేం వదినా?"

వదిన లేచి మిషన్ల గదికీ దీనికీ మధ్యనున్న తలుపు దగ్గరగా వేసింది. వచ్చి కూచుంది.

"చూశాను," అంది. "వాడి వెనకే వెళ్ళాగా. గుమ్మంలోనే ఉన్నా. ఏం నొక్కాడో నాకు తెలీదు. నొక్కాక నెత్తి పట్టుకున్నాడు. అప్పుడే అర్థమైంది."

"అక్కా," అన్నాడు చిన్నోడు.

"నువ్వుండరా." వదిన మరదలి వైపే చూస్తోంది. "వాణ్ని ఒక మాటంటే పని వదిలేసి పోతాడు. ఇదివరకు పోయాడు కూడా. బళ్ళు తెరిచే రోజులు, వాడు లేకపోతే మిషన్లు నడవవు. అయినా పచ్చది నొక్కమని నేర్పింది నేనే, వాణ్ని ఏమననూ? అప్పటికే అందరూ నిన్నే అనుకుంటున్నారు. నువ్వైతే నెమ్మదైన దానివి. ఓర్చుకుంటావ్." కళ్ళజోడు పెట్టుకుంటూ, "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారమ్మా," అంది.

"ఆ సామెత పడ్డవాళ్ళు చెప్పగా నేనెప్పుడూ వినలేదు వదినా. పడేసినవాళ్ళే చెప్తారు."

మరదలు అక్కడితో ఆగలేదు.

"తెలియక అన్నారనుకున్నా. అందుకే భరించా. మీ కన్ను చూసి నావల్లే కదా అని రోజూ కుమిలిపోయా. వచ్చినవాళ్ళందరికీ నా పేరు చెప్పారు. దారాలమ్మే అతనిక్కూడా. తెలిసే చెప్పారా?"

"తెలిసే చెప్పాను," అంది వదిన. తల దించుకుంది. ఆ షాపులో ఆవిడ తల దించగా ఎవరూ చూడలేదు. "తప్పే. ఏం చెయ్యమంటావో చెప్పు."

"అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి."

వదిన వెళ్ళి తలుపు తీసింది. గోడ మీదున్న పెద్ద స్విచ్చు కిందికి దించింది. బ్యాడ్జీలు సగంలో ఉండగా మిషన్లన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. కరెంటు పోయిందనుకుని మిషనమ్మ తలెత్తింది.

"అందరూ వినండి. ఆ రోజు డిస్కు పోయింది మా మరదలివల్ల కాదు. దానిలో ఉన్నది పోగొట్టింది..."

"నేనే," అన్నాడు చిన్నోడు. అక్క భుజం పక్కకొచ్చి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "నేనే నొక్కాను. నొక్కి, చెప్పలేదు."

"వాడు నొక్కడం నేను చూశాను," అంది వదిన. "చూసి కూడా మా మరదలి పేరే చెప్పాను. వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ నేనే చెప్పుకుంటాను."

మిషనమ్మ చేతిలోని దారం బాబిన్‌ని అటూ ఇటూ తిప్పి, చివరికి "ఆ మాట అప్పుడే అనుంటే టీలు తాగేలోపు అయిపోయేది కదమ్మా," అంది. నిజమే. మరదలు కూడా అదే అనుకుంటోంది. అందరూ చూస్తుండగా ఏడవకూడదనుకుంది గానీ ఏడుపొచ్చేసింది. అన్ని రోజుల్లో మొదటిసారి. ఆపుకోలేదు, చాటుకి పోలేదు, అక్కడే నిలబడి ఏడ్చింది.

వదిన దగ్గరికొచ్చింది. చెయ్యి వేయబోయి, వేయచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

"రేపు పొద్దున్నే రా. కుర్చీలో కూచుందువుగాని."

మరదలు మణికట్టుతో మొహం తుడుచుకుంది. చేతిసంచీ తీసుకుని భుజానికి వేసుకుంది.

"రేపు రాను వదినా."

"అదేమిటి, బడివాళ్ళవి ఇవ్వాల్సినవి..."

"రేపు మీరిద్దరూ చూసుకోండి. నాకు సెలవు కావాలి. ఎల్లుండి వస్తా. కుర్చీలో కూచోడానికే వస్తా."

ఆ రద్దీ రోజుల్లో ఆ షాపులో ఎవరూ సెలవడగలేదు, అడిగినా వదిన ఇవ్వలేదు. వదిన తమ్ముడి వైపు చూసింది, ఆగిన మిషన్ల వైపు చూసింది.

"సరే," అంది.

మరదలు చెప్పులేసుకుని వీధిలోకి దిగింది. మలుపు తిరిగేదాకా వెనకనుంచి మిషన్ల చప్పుడు మొదలవలేదు.